పక్క ఫ్లాట్ కుక్కలు ఆగకుండా మొరుగుతున్నాయి, యజమాని పట్టించుకోవడం లేదు. ఏం చేయాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఎదురు ఫ్లాట్‌లో ఒక లాబ్రడార్, ఒక పామరేనియన్. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తారు. పగలంతా కుక్కలు హాల్లో, గ్రిల్ వేసిన బాల్కనీలో తిరుగుతుంటాయి, రాత్రి బాల్కనీలోనే పడుకుంటాయి. వాళ్ళు వెళ్ళగానే ఒక గంట, సాయంత్రం నాలుగింటికి స్కూల్ బస్సులు వచ్చేటప్పుడు మళ్ళీ, రాత్రి రెండింటికి వీధికుక్కలతో కలిసి ఇంకోసారి మొరుగుతాయి. మీకు నైట్ షిఫ్ట్, పగలే పడుకోవాలి. మీ అత్తగారు గుండె జబ్బు మనిషి, రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నారు. ఒకసారి అడిగితే ‘కుక్కన్నాక మొరగదా?’ అన్నారు. అసోసియేషన్ ప్రెసిడెంట్ మనమేం చేయలేమన్నారు. పోలీసులకు చెప్పొచ్చా, మనకు వినిపించని కీచు శబ్దంతో మొరుగుడు ఆపుతుందని ఆన్‌లైన్‌లో అమ్మే అల్ట్రాసోనిక్ మెషిన్ కొనొచ్చా, అపార్ట్‌మెంట్‌లో కుక్కలే వద్దని తీర్మానం చేయించొచ్చా అని అడిగారు.

మూడింటికీ జవాబు చెబుతాను. కానీ అంతకంటే పనికొచ్చే విషయం మీ ప్రశ్నలోనే ఉంది. మూడు వేళలు చెప్పారు చూడండి, అవి మూడు వేర్వేరు అరుపులు. ఒక్కోదానికి ఒక్కో కారణం, ఒక్కో మందు. ‘మీ కుక్కలు ఎప్పుడూ మొరుగుతుంటాయి’ అంటే అవతలి మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు, కోపం తెచ్చుకోవడం తప్ప. ‘నాలుగింటికి బాల్కనీ తలుపు మూసి ఉంటే చాలండీ’ అంటే అది చేయగలిగిన పని. ఇంకొకటి: తొమ్మిదిన్నరకు తాళం వేసి వెళ్ళిన మనిషి ఆ గంటసేపు అరుపు ఒక్కసారి కూడా వినలేదు. ఇంటికొచ్చేసరికి తోక ఊపుతూ ఎదురొచ్చే కుక్కే ఆయనకు తెలుసు. పట్టించుకోవడం లేదని మీరు అనుకుంటున్నదాంట్లో సగం, తెలియకపోవడమే.

ముందు 14 రోజులు రాసిపెట్టండి. మామూలు నోటుపుస్తకం చాలు. తేదీ, మొదలైన టైం, ఆగిన టైం, ఏ రకం అరుపు (వరసగా ‘భౌ భౌ’ అనా, ఊళనా, మూలుగా), అప్పుడు బయట ఏం జరుగుతోంది, ఇంట్లో మనుషులున్నారా లేదా. మీరు పడుకున్న వేళ ఇంట్లో ఇంకొకరు రాయాలి. అరవని రోజులు కూడా రాయండి, వాటి విలువ ఎక్కువ. ఆదివారం పొద్దున అరుపు లేదంటే, మనుషులు ఇంట్లో ఉండటమే తేడా అని తేలిపోతుంది. వర్షం పడ్డ రాత్రి రెండింటికి ప్రశాంతంగా ఉందంటే వీధికుక్కలు ఏ షెడ్డు కిందో నక్కి ఉంటాయి, మీ పక్కింటి కుక్కలకు రెచ్చగొట్టేవాళ్ళు లేరు. మధ్యలో నాలుగైదు రికార్డింగులు చేయండి, ఒక్కోటి రెండు మూడు నిమిషాలు. మీ పడకగదిలో మంచం దగ్గర ఫోన్ పెట్టి, గోడ గడియారం కనిపించేలా వీడియో తీయండి. వాళ్ళ బాల్కనీలోకి, కిటికీలోకి కెమెరా తిప్పకండి. అలా తిప్పితే కుక్క గొడవ పోయి, మా ఇంట్లోకి తొంగి చూస్తున్నారనే గొడవ మొదలవుతుంది.

ఇప్పుడు ఒక్కో అరుపు సంగతి.

పొద్దున తొమ్మిదిన్నర అరుపు చాలావరకు బెంగ. డాక్టర్లు సెపరేషన్ యాంగ్జైటీ అంటారు. యజమాని బయటికి వెళ్ళిన మొదటి అరగంటలోనే మొదలవడం దీని గుర్తు. మొదట మూలుగు, తర్వాత ఒకే శ్రుతిలో ఆగి ఆగి మొరుగుడు, మధ్యలో ఊళ. తలుపు గీకిన గుర్తులు, గడప దగ్గర చొల్లు, ఇంట్లో ఒంటికి పోసుకోవడం ఉంటే దాదాపు ఖాయం. రెండు కుక్కలున్నాయి కదా, తోడు ఉంది కదా అనిపిస్తుంది. ఈ బెంగ సాధారణంగా మనిషి కోసం, ఇంకో కుక్క ఉన్నంత మాత్రాన తగ్గదు. పైగా ఒకటి మొదలుపెడితే రెండోది అందుకుంటుంది. రెండూ బెంగతో అరుస్తున్నాయా, ఒకటేనా అన్నది యజమాని పాత ఫోన్ ఒకటి హాల్లో పెట్టి రికార్డు చేస్తే ఒక్క రోజులో తెలుస్తుంది. ఆ వీడియో ఆయన కళ్ళతో ఆయన చూడటం మీరు పదిసార్లు చెప్పినదాని కంటే బాగా పనిచేస్తుంది.

దీనికి మందు అలవాటు మార్చడమే, తొందరపడితే చెడుతుంది. తాళాలు, బూట్లు, బ్యాగు చూడగానే కుక్క గుండె దడదడలాడుతుంది. అందుకని వాళ్ళు రోజుకు పదిసార్లు తాళాలు చేతిలోకి తీసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా సోఫాలో కూర్చోవాలి. బూట్లు వేసుకుని టీవీ చూడాలి. తాళం శబ్దానికి అర్థం పోయాక, తలుపు బయటికి వెళ్ళి 5 సెకన్లలో లోపలికి రావాలి. తర్వాత 10, 30, మళ్ళీ 10, ఒక నిమిషం, మళ్ళీ 20 సెకన్లు. ఎప్పుడూ పెంచుకుంటూనే పోకూడదు, మధ్యలో తగ్గించాలి, లేకపోతే ప్రతిసారీ ఇంకా కష్టమే వస్తుందని కుక్క కనిపెడుతుంది. కుక్క మూలిగితే అంతకుముందు మెట్టుకు దిగాలి. అరగంట దాకా నెమ్మదిగా ఉండగలిగితే కష్టమైన భాగం దాటినట్టే. ఇదంతా వారాల పని, కొన్ని కుక్కలకు నెలలు. అన్నాళ్ళూ దాన్ని రోజూ పది గంటలు ఒంటరిగా వదిలేస్తే పొద్దున నేర్పింది మధ్యాహ్నానికి పోతుంది. ఒకరు ఇంటి నుంచి పనిచేయడమో, మధ్యాహ్నం ఒక మనిషి వచ్చి 40 నిమిషాలు తిప్పడమో, బంధువుల ఇంట్లో దింపడమో ఏదో ఒకటి కావాలి. బెంగ బాగా ముదిరితే పశువుల డాక్టర్ ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటి మందులు రాస్తారు. అవి గుణం చూపడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, శిక్షణతో కలిపి వాడితేనే ఫలితం. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ వెటర్నరీ ఆస్పత్రి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. ఆంధ్రలో ఉన్నవాళ్ళకు గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి.

సాయంత్రం నాలుగింటి అరుపు వేరే జాతి. ఇది కాపలా అరుపు. గ్రిల్‌లోంచి బస్సు కనిపిస్తుంది, పిల్లలు అరుస్తూ దిగుతారు, కుక్క మొరుగుతుంది, కాసేపటికి బస్సు వెళ్ళిపోతుంది. బస్సు దానంతట అది వెళ్ళిందని కుక్కకు తెలియదు. ‘నేను మొరిగాను, అది పారిపోయింది’ అనుకుంటుంది. రోజూ గెలుస్తుంటే రోజూ ఇంకా గట్టిగా మొరుగుతుంది. కొరియర్ అబ్బాయి మీద, పాల ప్యాకెట్ మనిషి మీద మొరగడం కూడా ఇదే లెక్క. మూడింటిలోకీ తేలికగా పోయేది ఇదే. కనబడకుండా చేయాలి, అంతే. గ్రిల్‌కు కింది నుంచి 5 అడుగుల ఎత్తు దాకా నర్సరీల్లో వాడే 90 శాతం గ్రీన్ షేడ్ నెట్ కట్టాలి. లాబ్రడార్ ముందు కాళ్ళు గ్రిల్ మీద పెట్టి నిలబడితే మూడు అడుగుల నెట్ పైనుంచి చూస్తుంది, అందుకే 5 అడుగులు. బాల్కనీకి అద్దం తలుపు ఉంటే కింది సగానికి గరుకు అద్దంలా కనిపించే స్టిక్కర్ ఫిల్మ్ వేయొచ్చు. ఇంకా మేలు, వాళ్ళు ఇంట్లో లేనప్పుడు బాల్కనీ తలుపు మూసి, కుక్కలను ఫ్యాన్ కింద లోపల ఉంచడం. హాల్లో రేడియోనో టీవీనో చిన్నగా పెడితే బయటి శబ్దాలు కొంత కలిసిపోతాయి. చవకలో అయ్యే పని, ఒక ఆదివారం పొద్దున చాలు.

రాత్రి రెండింటిది గుంపు అరుపు. వీధిలో ఒకటి మొదలుపెడితే బాల్కనీలో ఉన్నది జవాబు చెప్పకుండా ఉండలేదు. కుక్క 45 వేల హెర్ట్జ్ దాకా వింటుంది, మనకు 20 వేలే. మీకు వినిపించని కీచులాట దానికి వినిపిస్తుంది. దీనికి ఒకే మందు ఉంది: రాత్రి కుక్క లోపల పడుకోవాలి. బాల్కనీ తలుపు, కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, వీలైతే యజమానుల గదిలోనే. పదిన్నర ప్రాంతంలో చివరిసారి కిందికి తీసుకెళ్ళి తీసుకొస్తే మధ్యరాత్రి అవసరం పడదు. ‘మా కుక్కకు ఏసీ పడదు, వెంట్రుకలు రాలతాయి’ అంటారు. హాల్లో ఒక మూల పాత దుప్పటి చాలు. కుక్కల్లో ఏదైనా పదేళ్ళు దాటినది అయి ఉండి, ఈ మధ్యనే రాత్రుళ్ళు కారణం లేకుండా గోడ వైపు చూసి మొరుగుతుంటే, అది వీధికుక్కల వల్ల కాకపోవచ్చు. ముసలి కుక్కలకు మతిమరుపు జబ్బు వస్తుంది, కీళ్ళనొప్పి, చూపు మందగించడం ఉంటాయి. అప్పుడు డాక్టరే దారి.

ఈ మూడింటి కిందా ఉన్నది ఒకటి, అది మర్చిపోకూడదు. పనిలేని కుక్క మొరుగుతుంది. వేటలో చచ్చిన పక్షులను ఏరి తెచ్చేందుకు తయారైన జాతి లాబ్రడార్. దాన్ని నాలుగు గోడల మధ్య పది గంటలు పెట్టి, రాత్రి అయిదు నిమిషాలు గేటు దాకా తీసుకెళ్తే సరిపోదు. ఎదిగిన లాబ్రడార్‌కు రోజుకు కనీసం గంట, రెండు విడతలుగా నడక కావాలి. ఎండాకాలంలో పొద్దున ఆరున్నరలోపు, రాత్రి ఏడు తర్వాత. రోడ్డు మీద మన చేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క అరికాళ్ళు కాలతాయి. నడకంటే బెల్టు లాక్కుంటూ పరుగు తీయించడం కాదు, వాసన చూడనివ్వాలి. కరెంటు స్తంభం దగ్గర రెండు నిమిషాలు వాసన చూడటం కూడా కుక్క మెదడుకు పనే. పొద్దుటి తిండి గిన్నెలో పెడితే అర నిమిషంలో అయిపోతుంది. అదే పెరుగన్నంలో ఉడికించిన గుడ్డో క్యారెట్టో కలిపి, లోపల గుల్లగా ఉండే రబ్బరు బొమ్మలో కూరి, రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి, తాళం వేసే ముందు ఇస్తే అరగంట నాకుతూ ఉంటుంది. బెంగ మొదలయ్యే అరగంట అదే కాబట్టి ఇది కలిసొస్తుంది. అయితే బెంగ బాగా ఉన్న కుక్క తిండి ముట్టదు, అది కూడా ఒక గుర్తే. రెండు కుక్కలకు రెండు బొమ్మలు, వేర్వేరు గదుల్లో. లేకపోతే కొట్లాట. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్ ఏ రూపంలోనూ వద్దు. ఉడికిన కోడి ఎముక గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది.

ఇప్పుడు మాట్లాడటం. తాళం వేసుకుని హడావుడిగా వెళ్ళే వేళ లిఫ్టు దగ్గర పట్టుకోకండి. రాత్రి రెండింటికి తలుపు కొట్టడం అంతకంటే తప్పు. శనివారం సాయంత్రమో ఆదివారం పదకొండింటికో, ముందు మెసేజ్ పెట్టి వెళ్ళండి. వాచ్‌మన్ చేతనో పనమ్మాయి చేతనో కబురు పంపితే పరువు తీసినట్టు ఉంటుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడితే ఇక ఆ మనిషి మీతో జన్మలో సరిగా మాట్లాడడు, గ్రూపులో కుక్కలున్న మిగతా అయిదిళ్ళూ ఆయన పక్షం చేరతాయి. మీరిద్దరూ కలిసి వెళ్ళండి, వాళ్ళిద్దరూ ఉండేలా చూసుకోండి. కుక్కల పేర్లు కనుక్కుని పేరుతోనే మాట్లాడండి. ‘ఆ కుక్క’ అన్నంత మాత్రాన మనసు మూసుకుపోతుంది కుక్కలు పెంచేవాళ్ళకు.

మాట ఇలా ఉంటే బాగుంటుంది: ‘అన్నా, మీరు ఆఫీసుకు వెళ్ళాక ఇద్దరూ గంటసేపు ఏడుస్తున్నట్టు అరుస్తున్నారు. మీకు తెలిసే అవకాశం లేదు కదా, అందుకే రెండు వారాలు టైంలు రాసిపెట్టాను. ఒక రికార్డింగ్ కూడా ఉంది, వినండి. వదినా, అత్తయ్యకు గుండె జబ్బు, రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేస్తోంది. ఈ వారం నుంచి రాత్రిపూట ఇద్దరినీ లోపల పడుకోబెట్టగలరా?’ ఒక్కసారికి ఒకే పని అడగాలి. మూడు అడిగితే మూడూ చేయరు. మీ విషయంలో రాత్రి లోపల పడుకోబెట్టడం ముందు అడగండి. అది ఖర్చు లేనిది, ఆ రాత్రే ఫలితం కనిపించేది. వారం తర్వాత తగ్గిందని వెళ్ళి చెప్పండి, మనస్ఫూర్తిగా చెప్పండి. అప్పుడు బాల్కనీ నెట్ సంగతి ఎత్తండి. బెంగ సంగతి చివర, ఎందుకంటే అది వాళ్ళ జీవితం మార్చుకునే పని. మీకు ఓపిక ఉంటే, కాసేపు చూసుకుంటామని మాట సాయం చేయండి. కుక్కకు మీరు తెలిసిన మనిషైతే మీ తలుపు చప్పుడుకు మొరగడం తగ్గుతుంది.

ఒక సంగతి ముందే తెలుసుకోండి, లేకపోతే సరిగ్గా బాగుపడే వేళకే గొడవ అవుతుంది. కుక్క మొరిగినప్పుడల్లా బిస్కెట్ ఇవ్వడమో ‘ఏయ్ ఊరుకో’ అని అరవడమో చేస్తున్న యజమాని, అవి మానేస్తే మొదటి కొన్ని రోజులు అరుపు పెరుగుతుంది, తగ్గదు. ఇన్నాళ్ళూ పనిచేసిన మీట పనిచేయకపోతే మనం ఇంకా గట్టిగా నొక్కుతాం కదా, అదే. ఆ రోజుల్లో పక్కవాళ్ళు వెళ్ళి తిడితే యజమాని మళ్ళీ బిస్కెట్ తీస్తాడు. అప్పుడు కుక్క నేర్చుకునే పాఠం ఏమిటంటే, ఇంకా ఎక్కువసేపు మొరిగితేనే బిస్కెట్ వస్తుందని. కాబట్టి ఇలాంటి మార్పు మొదలుపెట్టే ముందు మీకు చెప్పమనండి, మీరూ వారం పది రోజులు ఓర్చుకోండి. మీ కిటికీలోంచి మీరు అరవడం కూడా దానికి ఎవరో జవాబిచ్చినట్టే.

మెషిన్ సంగతి. అల్ట్రాసోనిక్ శబ్దం గోడలోంచి పోదు, అద్దంలోంచి కూడా పోదు. ఎదురుగా ఖాళీ ఉండాలి. ఎదుటి ఫ్లాట్ హాల్లో ఉన్న కుక్కకు మీ ఇంట్లోంచి అందదు. బాల్కనీకి అందినా రెండు మూడు వారాల్లో చాలా కుక్కలు అలవాటు పడిపోతాయి. బెంగతో ఏడ్చే కుక్కకు చెవిలో పొడిస్తే బెంగ పెరుగుతుంది. పైగా మెట్ల మీద నడిచే ఇంకో ఇంటి కుక్క, కింద వీధికుక్కలు కూడా వింటాయి. డబ్బు దండగ. షాక్ కొట్టే కాలర్ వాళ్ళ చేత పెట్టించాలని చూడకండి, భయంతో మొరిగే కుక్క షాక్‌తో కరిచే కుక్క అవుతుంది. మూతికి గట్టిగా చిక్కం బిగించడం అన్నిటికంటే ప్రమాదం. కుక్క నోరు తెరిచి వగర్చడం ద్వారానే ఒళ్ళు చల్లబరుచుకుంటుంది, హైదరాబాద్ మే నెలలో మూతి బిగించి వదిలేస్తే వడదెబ్బతో చచ్చిపోతుంది. నిద్రమాత్రలు, పారాసెటమాల్ కలిపి పెట్టేవాళ్ళున్నారు. అది విషం పెట్టడమే. జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు ఉంది. కేసు సంగతి అలా ఉంచండి, ఆ కుక్క చేసిన తప్పేమీ లేదు.

ఇదంతా జరిగేలోపు మీరు పడుకోవాలి కదా. ఎదురు ఫ్లాట్ కాబట్టి పొద్దుటి అరుపు మీకు ఎక్కువగా మెయిన్ డోర్ కింది సందులోంచి వస్తుంది. గాలి దూరే చోట శబ్దం దూరుతుంది. తలుపు చుట్టూ ఫ్రేముకు రబ్బరు గ్యాస్కెట్ స్ట్రిప్, కింద డోర్ బాటమ్ సీల్ వేయండి. కారిడార్లో దీపం వెలిగించి, మీ హాల్లో లైటు ఆర్పి చూస్తే వెలుగు ఎక్కడ కనిపిస్తే సందు అక్కడ. పడకగది కిటికీ జరిపే రకం అయితే రెండు పలకల మధ్య బ్రష్ సందులోంచి వస్తుంది. మార్చే స్తోమత ఉంటే రబ్బరు గ్యాస్కెట్‌తో బిగుసుకునే తెరుచుకునే రకం యూపీవీసీ కిటికీ, రెండు 3 మిల్లీమీటర్ల అద్దాల మధ్య పొర ఉండే 6.38 మిల్లీమీటర్ల లామినేటెడ్ అద్దంతో పెట్టించండి. గుడ్ల అట్టలు, థర్మాకోల్, ఫోమ్ గోడకు అంటించడం వృథా. అవి గదిలో ప్రతిధ్వని తగ్గిస్తాయి, బయటి శబ్దాన్ని ఆపవు. ఆపేది బరువు. పుస్తకాలతో నిండిన బీరువా అరుపు వచ్చే వైపు గోడకు చేర్చి, మంచం తల వైపు అవతలి గోడకు మార్చితే రూపాయి ఖర్చు లేకుండా కొంత తేడా ఉంటుంది. ఫోమ్ ఇయర్ ప్లగ్స్ ప్యాకెట్ మీద 30 డెసిబెల్స్ పైన అని ఉన్నవి కొనండి. చాలామంది వాటిని చెవి అంచున పెట్టి పనిచేయలేదంటారు. వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి వెనక్కి లాగి, లోపలికి నెట్టి, 30 సెకన్లు వేలితో ఆపి ఉంచాలి. మీ అత్తగారికి మాత్రం పెట్టేముందు ఆలోచించండి. రాత్రి ఆమె పిలుపు, ఫోను, కాలింగ్ బెల్ ఎవరో ఒకరు వినేలా ఉండాలి. ఆమె గదిలో ఫ్యాను, దానికి తోడు సన్నగా వాన చప్పుడు పెట్టడం మేలు. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా వచ్చే అరుపే గుండె దడ పుట్టిస్తుంది, ఎప్పుడూ ఉండే హోరు మీద అదే అరుపు అంత ఉలిక్కిపాటు కలిగించదు.

తీర్మానం గురించి. కుక్కలు పెంచకూడదని అసోసియేషన్ తీర్మానం చేయడం కుదరదు. యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఆఫ్ ఇండియా 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మెజారిటీ ఉన్నా పెంపుడు కుక్కలను నిషేధించకూడదని, లిఫ్టు వాడొద్దనకూడదని, మొరుగుతోందన్న కారణం నిషేధానికి చాలదని ఉంది. అవే మార్గదర్శకాలు యజమానులకు ఇంకో మాట చెబుతున్నాయి, అది ఎవరూ చూపించరు: కుక్కలను, ముఖ్యంగా రాత్రిపూట, నెమ్మదిగా ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని. మీ ప్రెసిడెంట్ చేయగలిగింది ఉంది. రాత్రి 10 నుంచి 6 దాకా బాల్కనీల్లో కుక్కలను వదలొద్దని, కామన్ ఏరియాలో బెల్టు ఉండాలని, రేబిస్ టీకా సర్టిఫికెట్, కార్పొరేషన్ లైసెన్సు కాపీలు ఇవ్వాలని అందరికీ వర్తించేలా ఒక విజ్ఞప్తి రాతపూర్వకంగా పంపొచ్చు. ఒక్క ఇంటి పేరు రాయకూడదు. వాళ్ళు అద్దెకు ఉంటే అగ్రిమెంటులో పక్కవారికి ఇబ్బంది కలిగించకూడదన్న మాట సాధారణంగా ఉంటుంది, ఇంటి ఓనరుతో మాట్లాడొచ్చు. కానీ ఖాళీ చేయిస్తామన్న బెదిరింపుతో మొదలుపెట్టకండి.

చట్టం. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 నుంచి 6. పరిమితి కంటే 10 డెసిబెల్స్ లేదా అంతకుమించి ఎక్కువైతే ఫిర్యాదు చేయొచ్చు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఈ అంకెలు ఒక్క అరుపు గరిష్ఠానికి కాదు, కొంత సమయం మీద తీసే సగటుకు. మీ కిటికీ దగ్గర అరుపు 70 డెసిబెల్స్ ఉండి, గంటలో మొత్తం కలిపి 6 నిమిషాలు మొరిగితే ఆ గంట సగటు సుమారు 60 వస్తుంది, రాత్రి పరిమితి 45కు 10 కలిపితే వచ్చే 55ను అది దాటుతుంది. మొత్తం 36 సెకన్లే మొరిగితే సుమారు 50, అది దాటదు. మీ నిద్ర మాత్రం రెండుసార్లూ పోయింది. అందుకే ఫోన్ యాప్‌లో చూపించిన 85 అంకె పట్టుకుని వెళ్తే నిలవదు, యాప్ కొలత చట్టానికి పనికిరాదు కూడా. టైంలు రాసిన నోటుపుస్తకం, మరో రెండు ఫ్లాట్ల వాళ్ళ సంతకం దానికంటే బలం. మీ ఒక్కరికే ఇబ్బంది అయితే అది సివిల్ కోర్టు సంగతి. నాలుగైదు ఇళ్ళకు అయితే ప్రజలకు ఇబ్బంది కిందకు వస్తుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. ఇబ్బంది తొలగించమని షరతుతో ఆదేశం ఇచ్చే అధికారం ఆయనకు ఉంది. అంతకుముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ దరఖాస్తు, అంటే కేసు వేయకముందే రాజీ కోసం పెట్టే అర్జీ, పెడితే ఖర్చు లేకుండా ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. పక్కపక్కనే బతకాల్సిన మనుషులకు నేను చెప్పే దారి అదే. కోర్టు దాకా వెళ్తే రికార్డింగుల అసలు ఫైళ్ళు కత్తిరించకుండా తీసిన ఫోన్లోనే ఉంచండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం, జతచేయాలి. వాట్సాప్‌లో పంపితే ఫైలు మారిపోతుంది.

కుక్కలను ఎప్పుడూ కట్టేసే ఉంచుతున్నారని, నీళ్ళు కూడా లేకుండా ఎండలో వదిలేస్తున్నారని మీరు కళ్ళారా చూస్తే దారి వేరు. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్‌లో, అస్తమానం గొలుసుతో కట్టేసిన లేదా ఇరుకులో బంధించిన కుక్కను యజమాని తగినంత తిప్పకపోవడం కూడా క్రూరత్వమేనని ఉంది. జరిమానా మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలే, ఎప్పటిదో చట్టం. కానీ ఈ ఫిర్యాదు మీ నిద్ర కోసం కాదు, ఆ కుక్క కోసం పెట్టేది. జంతు సంక్షేమ సంస్థల వాళ్ళు వచ్చి చూస్తే యజమాని దారికొచ్చే అవకాశం ఎక్కువ.

వీధికుక్కల గుంపును ‘తీసుకెళ్ళి ఎక్కడైనా వదిలేయండి’ అని కార్పొరేషన్‌కు రాయకండి. 2023 యానిమల్ బర్త్ కంట్రోల్ నియమాల ప్రకారం మామూలు వీధుల్లో పట్టిన కుక్కకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. మీరు అడగాల్సింది ఆపరేషనే. ఆపరేషన్ అయినవాటికి చెవి కొసన చిన్న కత్తిరింపు ఉంటుంది. మీ వీధిలో ఎన్నింటికి అది లేదో లెక్కపెట్టి, ఫొటోలతో వెటర్నరీ విభాగానికి ఇవ్వండి. చిత్తకార్తెలో ఒక్క ఆడకుక్క వెంట పది మగకుక్కలు తిరిగే రాత్రుళ్ళు మీకు తెలుసు కదా, దానికి రెండు నెలల ముందే, ఆగస్టులోపు ఇవ్వాలి. అపార్ట్‌మెంట్ గేటు పక్కన చెత్త డబ్బా మూత లేకుండా ఉంటే అక్కడే రాత్రి సభ జరుగుతుంది. మూత పెట్టించండి, రాత్రి చెత్త బయట పెట్టనివ్వకండి.

పోలీసులకు చెప్పొచ్చు, కానీ అది రాత్రి అరుపు గంటల తరబడి ఆగకుండా సాగుతూ, తలుపు కొట్టినా ఎవరూ పలకని రోజు కోసం ఉంచుకోండి. 100కు చేసి ‘కుక్కలు మొరుగుతున్నాయి’ అంటే ఎవరూ కదలరు. ‘ఫలానా అపార్ట్‌మెంట్, ఫలానా ఫ్లాట్, ఒంటిగంట నుంచి ఆగకుండా మొరుగుతున్నాయి, తలుపు తీయడం లేదు, లోపల ఎవరికైనా ఏమైనా అయిందేమోనని భయంగా ఉంది’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎప్పుడూ లేనిది కుక్క అలా తలుపు దగ్గర నిలబడి గంటల తరబడి అరిచిందంటే ఆ భయం ఊరికే పోయేది కాదు, నిజంగానే లోపల ఎవరైనా పడిపోయి ఉండవచ్చు.